మఱపు వ్యాధికి మందు – మఱవరాని జాగ్రత్తలు

మఱపు ముసలితనమునకు తోబుట్టువని మనవారు తలంతురు. డెబ్బదియేండ్లు దాటిన అత్తగారు అన్నము తినిన గడియకే "నాకు బువ్వ పెట్టలేదు" అన్నచో కోడలు నవ్వి యూరకుండును. ఇరుగుపొరుగువారు "వయసు మీద పడ్డది" అని సరిపెట్టుదురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని మఱపులన్నియు ఒకటి గావు. కన్నకొడుకు పేరు, తానుండు వీథి, పొయ్యిమీది పాలు, ప్రొద్దున మ్రింగిన మాత్ర, ఇవి ఒకదాని వెంట నొకటి జారిపోవుచున్నపుడు దానిని వ్యాధి యని యెంచవలెను. ఆ వ్యాధికి నేడు వైద్యులు మందులు వ్రాయుచున్నారు. చీటి వ్రాయుట వైద్యుని పని. దినదినమును మందు నిచ్చుట చాలవరకు ఇంటి యాడువారి పని. కావున ఈ విషయమును గూర్చి నే నెఱిగినంత సోదరీమణులకు విన్నవించుచున్నాను.

నా కిందు శ్రద్ధ కలుగుటకు కారణము మా మేనత్త. ఆమెది జగిత్యాల ప్రాంతమున నొక పల్లె. ఆ సీమలోని పెక్కండ్రు స్త్రీలవలె ఆమెయు చిన్ననాటినుండి బీడీలు చుట్టి సంసారము నీదుకొని వచ్చినది. తునికాకు కత్తిరించి, వేయి బీడీలు చుట్టి, ఇరువదియైదేసి చొప్పున నలువది కట్టలు కట్టి, లెక్కలో ఒక్కటియు తప్పక కార్ఖానాకు ఒప్పగించెడిది. అట్టి మనిషికి తుదకు రెండు మాత్రల లెక్క తప్పినది. కొడుకు దుబాయిలో నున్నాడు. ఇంట కోడలును ఇద్దరు పిల్లలును. పట్టణపు వైద్యుడు పరీక్షించి మఱపునకు రాత్రిపూట నొక మాత్ర వ్రాసెను. రక్తపుపోటునకు మాత్ర మునుపే వాడుచుండెను. ఎవరి మందు వారికడ నుండుట మంచిదని అట్టలన్నియు అత్తచేతికే యిచ్చిరి. ఆమె వానిని వక్కాకు సంచిలో దాచుకొన్నది.

చలికాలము వచ్చెను. పడిసెము పట్టినదని దుకాణమునుండి సీసామందు తెచ్చి పోసిరి. నిద్రపోవుట లేదని ఊరి ఆర్.ఎం.పి. యొక నిద్రమాత్ర యిచ్చెను. వారము తిరుగకమునుపే అత్త లేని మనుష్యులను ఉన్నట్లు చూచి పలుకరింపసాగెను. ఒకనాటి తెల్లవాఱుజామున పెరటిలో స్పృహ తప్పి పడిపోయెను. "ముదిరింది, ఇంకేమున్నది" అని చుట్టములు పెదవి విఱిచిరి. ఆసుపత్రిలో చూడగా నాడి నిమిషమునకు 45 మాత్రమే కొట్టుకొనుచుండెను. అక్కడి వైద్యురాలు ఇంటిలోని మందులన్నియు ఒక సంచిలో వేసి తెమ్మని కోడలితో చెప్పిరి. సంచి విప్పగా తొమ్మిది రకములు తేలినవి. మఱపు మాత్రలు 15 దినములకు కొన్నవి 9 దినములకే అయిపోయియుండెను. మ్రింగినది మఱచి అత్త మరల మ్రింగుచుండెను. ఆమెను పడవేసినది వ్యాధి కాదనియు, మందుల కలగాపులగమనియు అప్పుడు మాకు తెలిసినది. ఆ సంచి నేర్పిన పాఠమే ఈ వ్యాసము.

వ్యాధి యెట్టిది?

1901లో జర్మనీదేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరపు వైద్యశాలకు 51 ఏండ్ల స్త్రీ నొకతెను తీసికొనివచ్చిరి. ఆమె తన పేరు వ్రాయబోయి నడుమ మఱచెడిది. ఆమె 1906లో మరణింపగా, అలోయిస్ ఆల్జైమరు అను వైద్యుడు ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణముల నడుమ గడ్డలవంటి మచ్చలను, కణములలో చిక్కుపడిన పోగులను కనుగొని, ఆ యేడే వైద్యుల సభలో వివరించెను. 1910లో ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టబడెను. బుద్ధి, జ్ఞాపకము, మాట, నడవడి క్రమముగా క్షీణించు రోగముల నన్నింటిని కలిపి డిమెన్షియా యందురు. వానిలో ఆల్జైమర్స్ వ్యాధియే యెక్కువ. మెదడులోని రక్తనాళములు పూడుటచే, అనగా పక్షవాతపు చిన్నచిన్న దెబ్బలచే వచ్చునది మఱియొకటి. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా, సుమారు 88 లక్షలమంది, ఈ విధమైన వ్యాధితో నున్నారని 2023లో వెలువడిన యొక పెద్ద పరిశీలన తెలిపినది.

ఇది పరదేశపు జబ్బనియు, చదువుకొన్నవారి జబ్బనియు కొంద రనుకొందురు. అట్లు కాదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టరు సువర్ణ అల్లాడిగారును వారి తోడివారును పరిశీలించి 2013లో ప్రకటించిరి. వారిలో చదువు రానివారును కలరు. ఒకే భాష మాటలాడువారికంటె రెండు భాషలు మాటలాడువారిలో వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినదని అందు తేలినది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి కలిసి వినబడు ఆదిలాబాదు సీమవారికి ఇది కొంత యూరట కలిగించు మాట.

మఱపు కనబడగానే మందుకొఱకు పరుగెత్తుటకు ముందు ఒక సంగతి గమనింపవలెను. డిమెన్షియా కాకయే డిమెన్షియావలె కనబడు జబ్బులు కొన్ని కలవు. బి12 విటమిను లోపము, థైరాయిడు గ్రంథి మాంద్యము, రక్తములో ఉప్పు తగ్గుట, మూత్రపు పుండు, తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టుట, భర్త పోయిన పిమ్మట కలుగు గాఢమైన దిగులు, వీనివలనను మనిషి మతి దప్పినట్లుండును. వీనిలో పెక్కింటికి తగిన చికిత్స కలదు. ముఖ్యముగా నిన్నటిదాక బాగున్న మనిషి రెండుమూడు దినములలో తికమకపడినచో అది సాధారణముగా మఱపు వ్యాధి గాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కావున రక్తపరీక్ష లేక, వైద్యుడు రోగిని చూడక, "మా అత్తకు పనిచేసింది" అని పొరుగామె యిచ్చిన మాత్రను ఎన్నడును వేయరాదు. అట్టమీద ఆర్ఎక్స్ అను గుర్తున్న మందులు వైద్యుని చీటి లేనిదే అమ్మదగినవి కావు, కొనదగినవియు కావు.

మందు లేమి చేయును? ఏమి చేయవు?

మెదడులోని కణములు ఒకదానితో నొకటి సంభాషించుటకు ఎసిటైల్‌కోలిన్ అను పదార్థము దూతవలె నుపయోగపడును. ఈ వ్యాధిలో అది తఱుగును. ఉన్నదానిని త్వరగా కరగిపోనీక నిలుపు మందులు మూడు కలవు: డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్. వీనిలో డోనెపెజిల్ జపానుదేశమున కనుగొనబడి, 1996లో అమెరికాలో అనుమతి పొందినది. మన యూళ్ల చీటీలలోను ఎక్కువగా కనబడునది ఇదియే. నాలుగవదియగు మెమాంటిన్ వేఱు మార్గమున పనిచేయును. వ్యాధి నడిమి దశకు వచ్చినపిమ్మట దానిని వ్రాయుదురు.

ఈ మందులు వ్యాధిని మాన్పవు. చచ్చిన కణములను బ్రతికింపవు. చమురు తఱుగుచున్న దీపమునకు వత్తి నెగద్రోసినట్లు, ఉన్న వెలుగును కొంతకాలము నిలుపును. కొందఱికి ఆ మేలు బాగుగ కనబడును, కొందఱికి కొంచెమే, కొందఱికి ఏమియు కనబడదు. ఈ మాట ముందే తెలిసియున్నచో, నెలదినములకే "గుణము లేదు" అని మానివేయుటయు, "రెండు వేస్తే త్వరగా నయమగును" అని మోతాదు పెంచుటయు జరుగవు.

మోతాదు పెంచుట వైద్యునిదే. డోనెపెజిల్ సాధారణముగా 5 మిల్లీగ్రాములతో మొదలిడి, నాలుగు నుండి ఆఱు వారములు చూచినపిమ్మట అవసరమైనచో 10 చేయుదురు. మెమాంటిన్ 5 మిల్లీగ్రాములతో మొదలై వారమునకు 5 చొప్పున పెరిగి 20 వరకు పోవును. మూత్రపిండములు బలహీనముగ నున్నవారికి తక్కువ యిత్తురు. ఇట్లు మెల్లగా నెక్కుటకు కారణము శరీరమునకు అలవాటు చేయుటయే. తొందరపడినచో వాంతులు, కండ్లు తిరుగుట తప్పవు.

ఇచ్చు విధము

1. మందు రోగి చేతిలో నుంచరాదు. మఱపు వ్యాధికి మందు మఱవని వారి చేతిలో నుండవలెను. ఇంట నొక్కరే ఆ బాధ్యత వహింపవలెను. ఇద్దరు ముగ్గురు చేయి పెట్టినచో, ఒకరు వేసిరని ఒకరు మానుటయో, ఇద్దరును వేయుటయో జరుగును. ఆ యొక్కరు ఊరికి పోవునపుడు, పుస్తకమును డబ్బాను చూపి మఱియొకరికి ఒప్పగించి పోవలెను.

2. అడుగుట ఇచ్చుట గాదు. "అత్తమ్మా, గోలీ ఏసుకున్నవా?" అని వంటింటినుండి అడిగినచో, "ఏసుకున్న బిడ్డా" అను జవాబు వచ్చును. ఆమె అబద్ధమాడుట లేదు. వేసికొన్న రోజులలో నేదో యొకటి ఆమెకు తోచును. కావున మాత్రను చేత నుంచి, ఆమెను నిటారుగా కూర్చుండబెట్టి, నీళ్లతో మ్రింగువఱకు దగ్గఱ నుండవలెను. బుగ్గన పెట్టుకొని పిదప ఉమియువారును కలరు.

3. ఏడు దినములకు ఏడు గదులుగల మందుల డబ్బా దుకాణములలో దొరకును. అది లేకున్నను ఏడు చిన్న పొట్లములు కట్టి వారముల పేర్లు వ్రాసిన చాలును. గది ఖాళీగ నున్నచో వేసినట్లు. నిండుగ నున్నచో వేయనట్లు. మన జ్ఞాపకశక్తి నైనను నమ్మనక్కఱలేదు.

4. పిల్లల పాత నోటుపుస్తక మొకటి తీసికొని, మందు పేరు, మోతాదు, వేళ, ఎందుకొఱకు, ఎవరు వ్రాసిరి, ఎప్పుడు మొదలిడిరి అనునవి వ్రాయుడు. ప్రతిదినము వేసినపిమ్మట ఒక గీత గీయుడు. ఏ వైద్యునికడకు పోయినను ఈ పుస్తకము చూపుడు. ఒకే మందును కంపెనీలు వేర్వేఱు పేర్లతో అమ్మును. డోనెపెజిల్, మెమాంటిన్ రెండును కలిపిన మాత్రలును కలవు. కావున పైపేరు గాక లోపలి మందు పేరు చదివి వ్రాసికొనుట మేలు. చదువ రానిచో మందుల దుకాణమువారిచే చెప్పించుకొని తెలుగున వ్రాసికొనవలెను.

5. ఒకపూట తప్పినచో మఱుసటిపూట రెండు కలిపి యీయరాదు. మామూలు వేళకు మామూలు మోతాదే యీయవలెను. మందు తెచ్చువారు లేకనో, ఊరికి పోయియో మూడు దినములకు మించి తప్పినచో, వైద్యుని యడుగక పాతమోతాదుతో మరల మొదలిడరాదు. రివాస్టిగ్మిన్ విషయమున ఇది మిక్కిలి ముఖ్యము. మరల క్రిందిమెట్టునుండి ఎక్కవలసియుండును.

6. రివాస్టిగ్మిన్ చర్మమున కంటించు పట్టీగాను దొరకును. పాతపట్టీ తీసిన పిమ్మటనే క్రొత్తది వేయవలెను. పాతది మఱచి వీపున రెండు మూడు పట్టీలున్నచో మందు మితిమీరి ప్రాణాపాయము కలుగును. ప్రతిదినము చోటు మార్చవలెను. ఒకే చోట 14 దినములవఱకు మరల అంటింపరాదు. చలికాలమున పట్టీ యున్నచోట నిప్పుకుంపటి వేడి తగులనీయరాదు.

7. మ్రింగలేకున్నారని మాత్రను నూఱుటయు, గొట్టపుమాత్రను విప్పి పోయుటయు వైద్యు నడిగియే చేయవలెను. నోట కరగు మాత్రలు, పట్టీలు ఉండగా బలవంతము ఏల? వలదని మొండికేసినచో తగవులాడక అరగంట విడిచి మరల ప్రయత్నింపుడు. వారికి తెలియకుండ అన్నములో కలిపి పెట్టుట తుదిమార్గము. అదియు వైద్యునితో చెప్పియే.

8. మాత్రలను పొయ్యిదగ్గఱను, రేకులకప్పు క్రింది గూటిలోను ఉంచరాదు. రామగుండము, మంచిర్యాల ప్రాంతపు ఎండలు 45 డిగ్రీలు దాటు దినములలో ఇల్లు చల్లగానుండు మూల వెదకి, తాళమువేయు పెట్టెలో, పిల్లలకును రోగికిని అందకుండ నుంచవలెను.

కనిపెట్టవలసిన గుర్తులు

మందు మొదలిడిన దినములలోను, మోతాదు పెంచినపుడును ఓకరింపు, వాంతి, విరేచనములు, ఆకలి మందగించుట, కాళ్లపిక్కలు పట్టుట కలుగవచ్చును. స్వల్పమైనచో కొలది దినములలో తగ్గును. భోజనముతో నిచ్చిన కొంత మేలు. రాత్రి డోనెపెజిల్ వేసినపుడు భయంకరమైన కలలు వచ్చుచున్నచో, వైద్యుని యడిగి ప్రొద్దునకు మార్చుకొనవచ్చును. నెలకొకసారి తూకము చూచుట మంచి యలవాటు. రవికలు వదులగుచున్నచో గమనింపవలెను. మెమాంటిన్ వలన తలతిరుగుట, తలనొప్పి, మలబద్ధము కలుగవచ్చును.

ఈ క్రిందివి కనబడినచో ఆలసింపరాదు: స్పృహ తప్పుట, నాడి మిక్కిలి మెల్లగా కొట్టుకొనుట, ఎగశ్వాస, నల్లని తారువంటి మలము, రక్తపు వాంతి, మూర్ఛ, నీళ్లుకూడ నిలువని వాంతులు, ఒక్కసారిగా మత్తు. 108కి ఫోను చేసి, మందుల డబ్బాను పుస్తకమును వెంట గొనిపోవలెను. గుండె నడక మందముగా నున్నవారికి, కడుపులో పుండున్నవారికి, ఉబ్బసమువారికి ఈ మందు లిచ్చుటలో వైద్యులు మఱింత జాగ్రత్తపడుదురు. కావున ఆ జబ్బులను ముందే చెప్పవలెను. కడుపు కోత యైనను, తుంటియెముక కట్టుటయైనను, ఏ శస్త్రచికిత్సకు పోయినను మత్తుమందు నిచ్చు వైద్యునికి ఈ మందుల సంగతి తప్పక తెలుపవలెను.

కలిసి కీడు చేయునవి

పడిసెపు మందు: దుకాణమున సులభముగా దొరకు జలుబుమాత్రలలోను దగ్గుసీసాలలోను క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటివి కలిసియుండును. మఱపు మాత్ర ఏ ఎసిటైల్‌కోలిన్‌ను నిలుపుచున్నదో, ఇవి దాని పనినే అడ్డగించును. ఒకచేత వత్తి నెగద్రోసి రెండవచేత ఊదినట్లగును. మా అత్త లేనివారిని చూచుటకు ఇట్టి సీసామందును నిద్రమాత్రయు కారణములని వైద్యురాలు చెప్పిరి. కడుపునొప్పికిచ్చు డైసైక్లోమిన్, మూత్రము ఆపుకొనలేనివారి కిచ్చు ఆక్సీబ్యూటినిన్, దిగులుకు, నరముల నొప్పికి ఇచ్చు అమిట్రిప్టిలిన్ ఈ తెగలోనివే. వీనిని మనమై మానిపింపరాదు. కాని పుస్తకములో వ్రాసి వైద్యునికి చూపవలెను.

రక్తపుపోటు మాత్ర: అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి గుండెనడకను మందగింపజేయును. డోనెపెజిల్ కూడ ఆ పనియే చేయవచ్చును. రెండును కలిసి నాడి తగ్గి మనిషి పడిపోవుట సంభవించును. అత్త రెండేసి మాత్రలు వేసికొన్న దినములలో జరిగిన దిదియే.

నొప్పిమాత్రలు: మోకాళ్లనొప్పికి ఊరిలో నిచ్చు డైక్లోఫినాక్ వంటి మాత్రలు కడుపును కోయును, మఱపు మందుతో కలిసినపుడు పుండు, రక్తస్రావము కలుగు భయము పెరుగును.

ఆకుమందు: బ్రాహ్మి, సరస్వతి యాకు లేహ్యములు తరతరములుగా మనయింట నున్నవే. ఆకుమందు గదా, ఏమగునని దాచరాదు. అదియు మందే, దానిని గూడ పుస్తకములో వ్రాయుడు.

కల్లు: ఈ సీమవారితో ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తాటికల్లు, ఈతకల్లు మన పల్లెలలో పురుషులకేగాక ముసలమ్మలకును అలవాటు. మంచికల్లులోనే మద్యము కలదు. కల్తీకల్లులోనో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ అను మత్తుమందులు కలుపుచుండగా అధికారులు పలుమార్లు పట్టుకొనిరి. అట్టి కల్లు త్రాగువారికి మఱపు ఎక్కువగును, అడుగు తడబడును. దానిమీద నిద్రమాత్ర వేసినచో ఊపిరికే మోసము. అట్లని ఏండ్ల యలవాటును ఒక్కనాడు మానిపించుటయు క్షేమము గాదు. 2015లో కల్తీకల్లును కట్టడి చేసినపుడు నిజామాబాదు మొదలగు జిల్లాలలో అలవాటుపడినవారు వణకుతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలైరి. కావున "మా అత్త దినమొక సీసా త్రాగును" అని వైద్యునితో సిగ్గుపడక చెప్పుడు. సిగ్గుచే దాచిన సంగతి ప్రాణము మీదికి వచ్చును.

శాంతింపజేయు మందులు

వ్యాధి నడుమదశలో కొందఱు సాయంకాలమైనచో కలతపడుదురు, కోడలు నగలు దొంగిలించినదందురు, కొట్టవత్తురు. అపుడు ఇంటివారు విసిగి "ఏదైనా మత్తుకు ఇయ్యండి" అని వేడుకొందురు. రిస్పెరిడోన్, క్వెటయపిన్, హాలొపెరిడాల్ వంటి మందులు అట్టివే. డిమెన్షియాగల వృద్ధులలో వీనివలన మరణభయము పెరుగునని అమెరికా ఔషధశాఖవారు మొదటి రెండింటి తెగను గూర్చి 2005లోను, హాలొపెరిడాల్ తెగను గూర్చి 2008లోను హెచ్చరిక ప్రకటించిరి. తమకో ఇతరులకో హాని చేసికొను స్థితిలో వైద్యుడు కొలదికాలమునకు, స్వల్పమోతాదున వ్రాయవచ్చును. అపుడు "ఎన్ని దినములు? ఎప్పుడు మరల చూపవలెను?" అని మన మడుగవలెను. ఏండ్లతరబడి పాతచీటితో కొనుచుండరాదు.

అంతకుముందు కారణము వెదకుడు. కడుపు పట్టియుండునేమో, పన్ను నొచ్చుచుండునేమో, మూత్రపు మంటయేమో, దప్పికయేమో, చీకటిలో నీడను చూచి బెదరెనేమో. చెప్పుకొనలేని బాధ కోపముగా బయటపడును. దీపము వెలిగించి, ప్రక్కన కూర్చుండి, బతుకమ్మ పాట యొకటి పాడినను, చేతికి రెండు తునికాకులిచ్చి కత్తిరింపుమన్నను కొందఱు కుదుటపడుదురు. మా అత్త విషయమున ఆకులే మేలు చేసినవి. చేతులు మఱవని పని అది.

ఎక్కడికి పోవలెను?

మొదట ఈ సీమవారు హైదరాబాదునకో, ఆదిలాబాదువారైనచో నాగపురమునకో పోవుచుండిరి. ఇప్పుడు ఆదిలాబాదులో 2008నుండి రిమ్స్ వైద్యకళాశాల కలదు. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందును, 2023లో కరీంనగరు, నిర్మల్, ఆసిఫాబాదు, సిరిసిల్లలందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. మొదటి నిర్ణయము పెద్దనగరములో జరిగినను, ఆ తరువాతి తనిఖీలు దగ్గఱలో చేయించుకొనవచ్చును. మూడు నుండి ఆఱు నెలల కొకసారి రోగిని చూపి, ఈ మందు ఇంకను అవసరమా, మోతాదు సరియేనా యని యడుగవలెను. మనమై ఒక్కసారిగా మానివేసినచో ఉన్న తెలివియు దిగజాఱవచ్చును. మానుటయు వైద్యుని సలహాతోనే.

ఉట్నూరు, జైనూరు ప్రక్కల గోండుగూడెముల పెద్దలను తీసికొనిపోవునపుడు, గోండి, తెలుగు రెండును తెలిసినవారు వెంట నుండుట మేలు. వ్యాధి ముదిరిన కొలది తరువాత నేర్చిన భాష ముందు జారిపోవచ్చును. బాధ యెక్కడనో తల్లిభాషలోనే చెప్పగలరు.

వృద్ధులను గూర్చిన సలహాకు 14567, మనోవేదనకు సంబంధించిన సలహాకు 14416 అను ప్రభుత్వ ఫోను సంఖ్యలు కలవు. రెండవది రోగికే కాదు, రోగిని చూచు కోడలికిని ఉపయోగించును. ఏలయన, భర్త గల్ఫుదేశమున నుండ, పిల్లలు బడికి పోవ, రాత్రి నిద్రలేక పగలు పనిచేయు ఇల్లాలి చేతినుండియే మందులు తాఱుమాఱగును. దూరమున నున్న కొడుకు "మా అమ్మను బాగా చూడు" అని ఫోనులో చెప్పుటతో సరిపెట్టక, వారమునకొకసారి మందుల డబ్బాను ఫోనులో చూచి లెక్క సరిచూచుటయు, ఆడబిడ్డ నెలకు రెండు దినములు వచ్చి తల్లిదగ్గఱ పడుకొనుటయు న్యాయము. మా యింట ఇట్లే ఏర్పాటు జరిగినది.

అత్తకు వ్యాధి నయము కాలేదు, కాదనియు మేమెఱుగుదుము. కాని సీసామందును నిద్రమాత్రయు వైద్యురాలి మాటమీద మానినపిమ్మట, పోటుమాత్ర మార్చినపిమ్మట, లేని మనుష్యులు ఆమెకు కనబడుట మానిరి. నాడి సరిపడినది. ఇపుడు రాత్రి భోజనమైనపిమ్మట కోడలు డబ్బా తెచ్చి ప్రక్కన కూర్చుండును. "ఇది దేనికి బిడ్డా?" అని అత్త ప్రతిరాత్రియు అడుగును. "యాదికి, అత్తమ్మా" అని కోడలు ప్రతిరాత్రియు చెప్పును. మాత్ర మ్రింగినపిమ్మట మనుమరాలు పుస్తకములో గీత గీయును. ఇరువదియైదు గీతలు నిండగానే ఆ పిల్ల చుట్టును సున్న చుట్టి "ఒక కట్ట అయింది, బాపమ్మా" అనును. అత్త ఆ లెక్క విని తల యూపును. బీడీకట్టల లెక్క ఆమెకు ఇంకను తెలియును.

సోదరీమణులారా, మీ యింట ఇట్టి పెద్దలున్నచో నేటిరాత్రియే వారి సంచి, దిండుక్రింద, గూటిలో వెదకి మందులన్నియు ఒకచోట చేర్పుడు. వైద్యునికడకు పోవుటకు అదియే మొదటి మెట్టు.